మూడు మార్కుల దూరం: గ్రామర్ స్కూలు అప్పీలు గురించి

ఇంగ్లండులో అక్టోబరు మధ్యలో ఎలెవెన్ ప్లస్ (పరీక్షలో నెగ్గిన పిల్లలనే చేర్చుకునే గ్రామర్ స్కూళ్లు అనే ప్రభుత్వ సెకండరీ బడుల ప్రవేశ పరీక్ష) ఫలితాలు వచ్చే రోజుల్లో తెలుగు కుటుంబాల మధ్య ఫోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి, లేదా ఒక్కసారిగా ఆగిపోతాయి. అర్హత మార్కు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు నలుగురికీ చెప్పుకుంటారు. ఒకటి రెండు మార్కుల్లో పోగొట్టుకున్న పిల్లల తల్లిదండ్రులు ఎవరికీ ఏమీ చెప్పరు. ఆ మౌనంలో ఎప్పుడో ఒకసారి అప్పీలు అనే మాట వస్తుంది, అంటే సీటు నిరాకరించిన బడి నిర్ణయాన్ని స్వతంత్ర ప్యానెల్ ముందు ప్రశ్నించడం. మనలో కొందరు దాన్ని ఇంటర్ బోర్డుకు ఫీజు కట్టి అడిగే రీకౌంటింగ్ లాంటిదని అనుకుంటారు. మరికొందరు అది ఎవరి ముందో చేతులు కట్టుకుని నిలబడి సీటు అడుక్కోవడమని, పరువున్నవాళ్లు చేసే పని కాదని అనుకుంటారు. అప్పీలు అడిగే ప్రశ్న, ఈ పిల్ల గ్రామర్ స్కూలు స్థాయిలో ఉందా అన్నది, ఈ రెండింటికీ సంబంధం లేనిది. ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు చూపగలిగిన తల్లిదండ్రులు మొహమాటపడకుండా అప్పీలు చేయాలని, చూపలేనివారు కేవలం బాధతో ఆ పనికి దిగకూడదని నా అభిప్రాయం. మా అమ్మాయికి అర్హత మార్కుకు మూడు మార్కులు తక్కువ వచ్చినప్పుడు మేము ఈ దారిలో నడిచాం కనుక ఈ విషయం వివరంగా రాయాలనిపించింది.

నేపథ్యం తెలియనివారి కోసం కొంత చెప్పాలి. 1944 నాటి విద్యాచట్టం తరువాత, పదకొండేళ్ల వయసులో పరీక్ష పెట్టి కొందరిని గ్రామర్ స్కూళ్లకు, మిగతావారిని వేరే బడులకు పంపే పద్ధతి ఇక్కడ స్థిరపడింది. 1965లో ప్రభుత్వం పంపిన సర్క్యులర్ తరువాత చాలా ప్రాంతాలు ఆ పద్ధతిని వదిలేశాయి. 1998 నాటి చట్టం కొత్త గ్రామర్ స్కూళ్లు తెరవడాన్నే నిషేధించింది. ఇప్పుడు ఇంగ్లండులో మిగిలినవి 163. కెంట్, బకింగ్‌హామ్‌షైర్, లింకన్‌షైర్ వంటి కౌంటీల్లో అవి మొత్తం బడుల వ్యవస్థలో భాగంగా ఉంటాయి. తక్కిన చోట్ల అక్కడొకటి ఇక్కడొకటి ఉండి, వందల మైళ్ల పరిధిలోని పిల్లలు కాకపోయినా చుట్టుపక్కల పట్టణాల పిల్లలందరూ వాటి కోసం పోటీ పడతారు. కొన్ని చోట్ల ఒక అర్హత మార్కు ఉంటుంది, దాన్ని దాటినవారిలో ఇంటి దూరాన్ని బట్టి సీట్లు ఇస్తారు. మరికొన్ని బడులు పై మార్కు నుంచి కిందికి వరుసగా సీట్లు నింపుకుంటూ పోతాయి. అప్పీలు గురించి ఆలోచించేవారు తమ పిల్లకు సీటు రాకపోవడానికి కారణం అర్హత లేకపోవడమా, అర్హత ఉండీ సీట్లు అయిపోవడమా అన్నది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ రెండు అప్పీళ్ల నడక వేరు. నేను ప్రధానంగా రాస్తున్నది మొదటి రకం గురించి.

అర్హత మార్కు అనే గీత ఎలా పుడుతుందో తెలిస్తే అప్పీలు ఎందుకు న్యాయమో కూడా తెలుస్తుంది. పిల్ల రాసిన సరైన జవాబుల సంఖ్యను నేరుగా మార్కుగా ఇవ్వరు. ఇక్కడ విద్యా సంవత్సరపు తరగతి సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 మధ్య పుట్టినవారితో ఏర్పడుతుంది కనుక, ఒకే తరగతిలో దాదాపు ఏడాది తేడా ఉన్న పిల్లలు ఉంటారు. పరీక్ష జరిగేది ఆరో సంవత్సరం (ప్రైమరీ బడిలో చివరి తరగతి) మొదట్లో, సెప్టెంబరులో. అందుకని వయసును లెక్కలోకి తీసుకుని, సాధారణంగా సగటు 100, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 15 ఉండేలా మార్కులను మారుస్తారు. ఇంతవరకూ ఇది మంచి పనే. అయితే ఏ పరీక్షకైనా కొలతలో కొంత దోషం ఉంటుంది. అదే పిల్ల, అదే తెలివితేటలతో, మరో ప్రశ్నపత్రం మరో రోజు రాస్తే సరిగ్గా అదే మార్కు రాదు. విశ్వసనీయత (మళ్లీ పెడితే అవే ఫలితాలు ఎంతవరకు వస్తాయో 0 నుంచి 1 వరకు చెప్పే అంకె) 0.9 ఉన్న పరీక్షను నిపుణులు చాలా మంచి పరీక్ష అంటారు. అంత మంచి పరీక్షలో కూడా, 15 విచలనం ఉన్నప్పుడు, ఒక్కొక్క పిల్ల మార్కుకు ఉండే ప్రామాణిక దోషం దాదాపు 5 మార్కులు అవుతుంది. అర్హత మార్కు 121 అయిన చోట 118 తెచ్చుకున్న పిల్ల, 122 తెచ్చుకున్న పిల్ల ఒకరికంటే ఒకరు తెలివైనవారని ఆ పరీక్ష ఆధారంగా చెప్పడానికి గణితం ఒప్పుకోదు.

ఈ మాట చెప్పగానే చాలామంది తల్లిదండ్రులకు ధైర్యం వస్తుంది. అయితే దాన్ని సగంలో ఆపకూడదు. దోషం రెండు వైపులా ఉంటుంది. 118 వచ్చిన పిల్ల నిజ సామర్థ్యం 122 కావచ్చు, 114 కూడా కావచ్చు. కనుక గీతకు దగ్గరగా ఉండడం వల్ల మనకు హక్కుగా ఏదీ రాదు. మార్కు ఒక్కటే చూసి తేల్చలేమని మాత్రం తెలుస్తుంది. అలా తేల్చలేని చోట వేరే ఆధారం అడగడం ఏ న్యాయవ్యవస్థకైనా సహజం. అప్పీలు ఉన్నది అందుకే. పరీక్ష తప్పని గాని, దిద్దినవారు పొరపాటు చేశారని గాని మనం అక్కడ నిరూపించనవసరం లేదు. ఆ ఒక్క ఉదయం చెప్పలేకపోయిన సంగతిని ఏళ్ల తరబడి ఆ పిల్లను చూసినవారు చెప్పగలరా అన్నదే అక్కడ ప్రశ్న.

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఇంగ్లండులో అడ్మిషన్ అప్పీళ్లను నడిపే నియమావళి 2012లో వచ్చి 2022లో సవరణ పొందింది. పరీక్ష రోజు తన సామర్థ్యం మేరకు రాయలేకపోయిందని తల్లిదండ్రులు భావించే పిల్ల విషయంలో ప్యానెల్ రెండు విషయాలు చూడాలని అందులో ఉంది. మొదటిది, ఆ పిల్ల గ్రామర్ స్కూలుకు తగిన చదువు స్థాయిలో ఉందనడానికి ఆధారం ఉందా అన్నది. బడి రిపోర్టులు, ప్రస్తుత బడి లేదా పాత బడి ఇచ్చిన లేఖ వంటివాటిని నియమావళే ఉదాహరణగా పేర్కొంటుంది. రెండోది, సీట్లు నిండిపోయిన బడి అయితే, ఇంకొక పిల్లను చేర్చుకోవడం వల్ల బడికి కలిగే ఇబ్బంది కంటే తల్లిదండ్రుల వాదన బరువైనదా అన్నది. ఈ రెండో మెట్టును మరచిపోయేవారు చాలామంది. స్థానికంగా రివ్యూ పద్ధతి, అంటే అర్హత రాని పిల్లల సంగతిని అప్పీలుకు ముందే మళ్లీ చూసే ఏర్పాటు, ఉండి, మన పిల్ల సంగతి అందులో ఇప్పటికే పరిశీలించి ఉంటే ప్యానెల్ చేతులు ఇంకొంచెం కట్టుబడతాయి: ఆ రివ్యూ న్యాయంగా, అందరికీ ఒకే తీరుగా, నిష్పక్షపాతంగా జరిగిందా అన్నదే వారు ముందు చూస్తారు. అలా జరిగిందనడానికి ఆధారం లేనప్పుడే మళ్లీ పిల్ల స్థాయి దగ్గరికి వస్తారు. అందుకే రివ్యూ ఉన్న కౌంటీలో రివ్యూకు వెళ్లాలా, నేరుగా అప్పీలుకు వెళ్లాలా అన్నది అక్టోబరులోనే ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం. ఆవేశంలో రివ్యూ పెట్టేసి, బలమైన కాగితాలన్నీ అప్పీలుకు దాచుకుందామనుకుంటే ఆ కాగితాలకు తరువాత సరైన చోటు దొరకకపోవచ్చు.

తేదీల విషయంలో ఒక్క ముఖ్యమైన మాట చెప్పి ముందుకు వెళతాను. సెకండరీ బడుల దరఖాస్తుకు గడువు అక్టోబరు 31. అర్హత రాలేదు కదా అని ఆ ఫారంలో గ్రామర్ స్కూలు పేరు రాయకుండా వదిలేస్తే, మార్చి 1న సీట్లు ప్రకటించే నాడు ఆ బడి మన పిల్లను నిరాకరించినట్టు ఉండదు. నిరాకరణ లేనిదే అప్పీలు హక్కు పుట్టదు. పేరు రాయాలి, దాని కింద పిల్ల నిజంగా వెళ్లగలిగే దగ్గరి బడులు కూడా రాయాలి. నిరాకరణ తెలిశాక అప్పీలు దాఖలు చేయడానికి కనీసం 20 బడి దినాల గడువు ఇవ్వాలి. ఫీజు ఉండదు. ప్యానెల్‌లో కనీసం ముగ్గురు ఉంటారు, వారికి ఆ బడితో గాని కౌన్సిల్ నిర్ణయంతో గాని సంబంధం ఉండదు, విద్యారంగంతో వృత్తిరీత్యా సంబంధం లేని సామాన్య సభ్యులు ఒక్కరైనా ఉండి తీరాలి. వారి నిర్ణయాన్ని బడి పాటించవలసిందే.

మా విషయానికి వస్తే, ఫలితం వచ్చిన వారంలో మా ఆయన, నేను ఒక మాట అనుకున్నాం. ముందు మా అమ్మాయి బడికి వెళ్లి, హెడ్‌టీచరు గారిని ఏ ఆశా పెట్టుకోకుండా అడగాలి. ఆవిడ గ్రామర్ స్కూలు ఈ పిల్లకు సరిపోదని చెబితే అక్కడితో ఆపేయాలి. ఈ నిర్ణయం అప్పుడు చాలా కష్టంగా తోచింది. తల్లిగా నాకు నా పిల్ల గురించి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర లేదు. అయితే ప్యానెల్ ముందు మన నమ్మకానికి విలువ ఉండదు, ఉండకూడదు కూడా. అక్కడికి వచ్చిన ప్రతి తల్లికీ అదే నమ్మకం ఉంటుంది. ఆ పిల్లతో పాటు వందలమంది పిల్లలను చూసినవారి మాటకే తూకం ఉంటుంది.

హెడ్‌టీచరు గారు పొగడ్తలేమీ చెప్పలేదు. నాలుగో సంవత్సరం నుంచి ప్రతి టర్ములో నమోదు చేసిన పఠనం, గణితం స్థాయిల పట్టిక ఇచ్చారు. ఐదో సంవత్సరంలో బడిలో అందరికీ పెట్టిన, ఆలోచనా సామర్థ్యాన్ని కొలిచే క్యాట్ పరీక్ష మార్కులు ఇచ్చారు. అది కూడా 100 సగటు మీదే లెక్కించే పరీక్ష కనుక ఎలెవెన్ ప్లస్ మార్కు పక్కన పెట్టి చూడడానికి వీలవుతుంది. తరగతిలో మా అమ్మాయి ఎవరి సాయం లేకుండా ఎంత వేగంగా పని పూర్తి చేస్తుందో, తెలియని లెక్క ఎదురైతే ఏం చేస్తుందో లేఖలో నాలుగు వాక్యాల్లో రాశారు. ఆ బడి నుంచి గ్రామర్ స్కూలుకు వెళ్లిన పాత పిల్లలతో పోల్చి ఈ పిల్ల ఎక్కడ నిలుస్తుందో, పేర్లు లేకుండా, చెప్పారు. నా దృష్టిలో లేఖ మొత్తంలో బరువైన వాక్యం అదే. మంచి పిల్ల, కష్టపడుతుంది, మర్యాద తెలుసు అనే మాటలు ఏ లేఖలోనైనా ఉంటాయి, అవి ఎవరినీ ఎటూ కదిలించవు. ఆరో సంవత్సరం పిల్లలకు మే నెలలో జరిగే శాట్స్ అనే జాతీయ పరీక్షల ఫలితాలు జూలైకి గాని రావు కనుక చాలా అప్పీళ్లకు అవి అందవు. వాటి బదులు టీచరు అంచనాను, ఆ అంచనాకు ఆధారమైన పనిని చూపించాలి.

ఏవి పెట్టకూడదన్నది కూడా అంతే ముఖ్యం, ఇక్కడే మన తెలుగువాళ్లం ఎక్కువగా దారి తప్పుతాం. ట్యూషను మాస్టారి లేఖ, మాక్ పరీక్షల మార్కులు కట్టలుకట్టలుగా పెడతాం. ట్యూషను చెప్పినవారు మన దగ్గర డబ్బు తీసుకున్నవారు. పైగా ఎంత శిక్షణ ఇచ్చినా ఆ మార్కే వచ్చిందన్న సంగతిని కూడా ఆ కాగితాలు చెబుతాయి. అక్కకు ఆ బడిలో సీటు వచ్చిందనడం, కుటుంబంలో అందరూ ఇంజనీర్లు, డాక్టర్లు అని రాయడం, ఫలానావారి అబ్బాయి తరగతిలో మా పిల్ల కంటే వెనక ఉండీ పాసయ్యాడనడం పిల్ల స్థాయి గురించి ఏమీ చెప్పవు, చివరిది మరో పిల్లవాడిని కించపరుస్తుంది కూడా. పరీక్ష నాటి జ్వరం గురించి చెప్పాలనుకుంటే ఆ వారంలోనే డాక్టరును కలిసిన ఆధారం ఉండాలి. ఇంట్లో చావో, ప్రమాదమో జరిగి పిల్ల మనసు చెదిరి ఉంటే నిస్సంకోచంగా చెప్పాలి, ఎందుకంటే మార్కు ఎందుకు తగ్గిందో అది వివరిస్తుంది. అయినా వివరణ ఒక్కటే సరిపోదని గుర్తుంచుకోవాలి. ఎందుకు తగ్గిందో చెప్పిన తరువాత, తగ్గకపోతే ఎక్కడ ఉండేదో చూపించాలి.

విచారణ రోజు మేమిద్దరమే వెళ్లాం, పిల్లను తీసుకెళ్లలేదు. ప్యానెల్ సభ్యులు మర్యాదగా, ఓపికగా మాట్లాడారు. టర్ము పట్టికలో ఒకచోట పఠనం స్థాయి ఎందుకు కదలలేదని అడిగారు; మేము ఆ పట్టికను ముందే గీత గీతగా చదివి వెళ్లాం కనుక జవాబు చెప్పగలిగాం. బడి తరఫున వచ్చినవారు తరగతి గదుల పరిమాణం, సైన్సు ప్రయోగశాలలో ఒక్కసారి నిలబడగల పిల్లల సంఖ్య, ఆ ఏడాది ఇప్పటికే చేర్చుకున్నవారి సంఖ్య చెప్పారు. తరువాత ఉత్తరం వచ్చింది. మా అమ్మాయి గ్రామర్ స్కూలు స్థాయి పిల్లేనని ప్యానెల్ ఒప్పుకుంది. బడి మీద పడే అదనపు భారం కంటే మా కారణాలు బరువైనవని మాత్రం ఒప్పుకోలేదు. అప్పీలు తోసిపుచ్చారు.

ఆ నిర్ణయాన్ని నేను అన్యాయం అనను. రెండో మెట్టులో మేము చెప్పగలిగినది తక్కువ. ఆ బడిలో మాత్రమే ఉండి, మాకు వచ్చిన బడిలో లేని ఒక విషయం, ఒక భాష గాని, సంగీతం గాని, ప్రత్యేక సహాయం గాని, మా అమ్మాయికి నిజంగా అవసరమని చూపగలిగినవారికి ఆ మెట్టు ఎక్కడం సాధ్యమవుతుంది. మాకు అలాంటిది లేదు, లేనిదాన్ని కల్పించి చెప్పడం మాకు ఇష్టం లేదు. సెకండరీ బడుల అప్పీళ్లన్నీ కలిపి చూస్తే, ప్యానెల్ ముందుకు వచ్చినవాటిలో సుమారు ఐదింట ఒకటే నెగ్గుతుంది. ఇది తెలిసే వెళ్లాం. విచారణ నడిచిన తీరులో లోపం ఉంటే కౌన్సిల్ బడుల విషయంలో ఓంబుడ్స్‌మన్‌కు (ప్రజల ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఓంబుడ్స్‌మన్ చూసేది పద్ధతిని, నిర్ణయం నచ్చకపోవడాన్ని కాదు. మా విచారణ పద్ధతిగానే జరిగింది.

ఇంత చెప్పాక నా మనసులో మిగిలే ప్రశ్న ఒకటి ఉంది, దానికి నేను తేలికైన జవాబు ఇవ్వదలచుకోలేదు. గీతకు మూడు మార్కుల కింద ఆగిన పిల్ల మా అమ్మాయి ఒక్కతే కాదు. అదే తరగతిలో, రాత్రి షిఫ్టుల్లో పనిచేసే తల్లిదండ్రుల పిల్లలు, ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేవారు లేని పిల్లలు కూడా అదే దూరంలో ఆగి ఉంటారు. వారి హెడ్‌టీచరు కూడా ఆవిడే, వారి పట్టికలు కూడా ఆ బీరువాలోనే ఉంటాయి. వాటిని అడిగేవారు మాత్రం ఉండరు. అసలే గ్రామర్ స్కూళ్లలో ఉచిత భోజనానికి అర్హులైన పేద పిల్లల శాతం చుట్టుపక్కల బడుల కంటే బాగా తక్కువ. నియమావళి చదివి, వాదన రాసి, ప్యానెల్ ముందు ఇంగ్లీషులో నిబ్బరంగా మాట్లాడగలిగినవారికే అందే సవరణ ఆ తేడాను ఇంకా పెంచుతుందని ఎవరైనా అంటే నేను కాదనలేను. అందువల్ల మనం అప్పీలు మానుకోవాలా? మనం మానుకుంటే ఆ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. మన పిల్ల విషయంలో చేతిలో ఉన్న ఆధారాన్ని మడిచి లోపల పెట్టుకోవడం త్యాగం అనిపించుకోదు.

సరైన పని వేరే ఉంది. గీతకు దగ్గరగా ఆగిన పిల్లలందరి సంగతీ, తల్లిదండ్రులు అడిగినా అడగకపోయినా, బడి పని ఆధారంగా ఎవరో ఒకరు చూడాలి. ఇది ఊహలోని ఏర్పాటు కాదు. కెంట్ కౌంటీలో ఫలితాలు తల్లిదండ్రులకు చేరకముందే హెడ్‌టీచర్లు తమ పిల్లల మార్కులు చూసి, కొందరి పేర్లను హెడ్‌టీచర్ల ప్యానెల్‌కు పంపే పద్ధతి ఉంది. పరీక్షలో భాగంగా పిల్లలందరి చేతా ఒక చిన్న రచన రాయిస్తారు. దానికి మార్కులు వేయరు, ఇలాంటి సందర్భంలో తెరిచి చదవడానికే దాన్ని ఉంచుతారు. ఆ పద్ధతిలోనూ లోపాలు ఉండవచ్చు, ఒక హెడ్‌టీచరు పంపినన్ని పేర్లు మరొకరు పంపకపోవచ్చు. అయినా రాత్రి షిఫ్టుకు వెళ్లే తల్లి బిడ్డకు అక్కడ ఒక అవకాశం దానంతట అదే వస్తుంది. పరీక్ష ఫీజుల్లాంటి అడ్డంకులు లేని చోట కూడా, అడిగినవారికే న్యాయం అనే పద్ధతి ఉంటే అడగడం తెలిసినవారే ముందుకు వెళతారు.

పిల్లల గురించి కూడా ఒక మాట. అక్టోబరు నుంచి మే వరకు సాగే ఈ వ్యవహారాన్ని పదేళ్ల పిల్ల నెత్తిన పెట్టకూడదు. మా అమ్మాయికి మేము ఒక్కసారే చెప్పాం: ఇలా ఒక ఉత్తరం రాస్తున్నాం, రావచ్చు, రాకపోవచ్చు, నువ్వు చేయవలసిన పని ఇందులో ఏమీ లేదు. ఆ తరువాత తన ముందు ఆ ప్రస్తావన తేలేదు. మాకు సీటు వచ్చిన కాంప్రహెన్సివ్ బడికి (ప్రవేశ పరీక్ష లేకుండా అందరినీ చేర్చుకునే బడికి) అప్పీలు విచారణకు ముందే తనను తీసుకెళ్లి చూపించాం, ఆ బడి యూనిఫాం కొన్నాం, అక్కడి లైబ్రరీలో తను ఎంతసేపు ఉంటానంటే అంతసేపు ఉండనిచ్చాం. తనకు నచ్చని బడికి పంపే శిక్షగా రెండో బడిని చూపిన ఇళ్లలో, అప్పీలు ఓడిన నాడు పిల్ల రెండుసార్లు ఓడుతుంది. ఫోన్ చేసి ఎన్ని మార్కులు తక్కువయ్యాయని అడిగే పెద్దలకు పిల్ల వినేలా జవాబు చెప్పకపోవడం కూడా మన చేతిలోని పనే. పైగా దారులు పదకొండేళ్లకే మూసుకుపోవు. కొన్ని చోట్ల పన్నెండేళ్లకు, పదమూడేళ్లకు కూడా చేరిక పరీక్షలు ఉన్నాయి. పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ పరీక్షల తరువాత సిక్స్త్ ఫారంలో (మన ఇంటర్ లాంటి రెండేళ్ల చదువులో) చాలా గ్రామర్ స్కూళ్లు బయటి పిల్లలను తీసుకుంటాయి. మా అమ్మాయి అప్పటికి వెళ్లాలనుకుంటుందో లేదో తనే చెబుతుంది.

అందరికీ రివ్యూ కావాలని అడగడానికి దారి ఉంది. అడ్మిషన్ నిబంధనలు మార్చదలచిన బడులు, కౌన్సిళ్లు అక్టోబరు 1 నుంచి జనవరి 31 లోపు కనీసం ఆరు వారాల పాటు ప్రజాభిప్రాయం తీసుకోవాలి. మార్పు లేకపోయినా ఏడేళ్లకొకసారి తీసుకోవాలి. ఖరారైన నిబంధనలు న్యాయంగా లేవనుకునేవారు మే 15 లోపు స్కూల్స్ అడ్జుడికేటర్‌కు (అలాంటి అభ్యంతరాలను తేల్చే స్వతంత్ర అధికారికి) అభ్యంతరం పంపవచ్చు. ఇందులో పాల్గొనడానికి మన పిల్లకు సీటు రాకపోయి ఉండాలన్న షరతు లేదు, సీటు వచ్చి ఉండాలన్న షరతూ లేదు. మా కౌంటీలో తరువాతి సంప్రదింపులు మొదలైనప్పుడు గీత దగ్గరి పిల్లలందరికీ బడి ఆధారంతో రివ్యూ ఉండాలని నేను రాస్తాను. ఎలెవెన్ ప్లస్ దాటిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ ఉత్తరం మీద సంతకం చేయాలని వారిని ఇప్పటినుంచే అడుగుతున్నాను.